మూడున్నర మీటర్ల లైనులో సైకిల్ వాటా ఎంత?

జాతీయ రహదారి మీద ఒక లైను వెడల్పు 3.5 మీటర్లు. మన నిబంధనలు ఒప్పుకునే లారీ వెడల్పు గరిష్ఠంగా 2.6 మీటర్లు. తీసివేస్తే మిగిలేది 90 సెంటీమీటర్లు. లారీ లైను మధ్యలో పోతుంటే ఆ మిగులు కూడా అటు 45, ఇటు 45గా చీలిపోతుంది. మామూలు సైకిల్ హ్యాండిల్ ఈ చివర నుంచి ఆ చివరికి 55 నుంచి 60 సెంటీమీటర్లు ఉంటుంది. సైకిల్‌వాళ్లకూ లారీవాళ్లకూ రోడ్డు మీద రోజూ జరిగే తగువులో సగం ఈ తీసివేతలోనే ఉంది. తిట్లు, హారన్లు ఆ తర్వాతి సంగతి.

ఈ లెక్కను కళ్లారా చూడాలంటే ఛత్తీస్‌గఢ్‌లోని రాయ్‌పూర్‌కు తూర్పున ఉన్న మందిర్ హసౌద్ తగిన చోటు. తెలుగువాళ్లకు అది మరీ పరాయి పేరేమీ కాదు. 1931లో పూర్తయిన విజయనగరం–రాయ్‌పూర్ రైలు మార్గంలో, రాయ్‌పూర్ ఇంకాసేపట్లో వస్తుందనగా తగిలే స్టేషన్ ఇది. బొబ్బిలి, పార్వతీపురం వైపు నుంచి రాయ్‌పూర్‌కో భిలాయికో పనికి వెళ్లిన కుటుంబాలు రైలు కిటికీలోంచి ఈ బోర్డు చదివే ఉంటాయి. ఊరి మీదుగా పోయేది 53వ నంబరు జాతీయ రహదారి. గుజరాత్‌లోని హజీరా నుంచి ఒడిశాలోని పారాదీప్ దాకా దేశాన్ని అడ్డంగా కోసుకుంటూ వెళ్తుంది. పాత నంబరు 6.

ఈ దారిన పోయే బరువంతా పెద్ద బరువే. ఇనుము, బొగ్గు, సిమెంటు, బియ్యం ఎత్తిన లారీలు. చుట్టుపక్కల ఇంధన డిపోలకు వచ్చిపోయే ట్యాంకర్లు. పక్కనే లేస్తున్న నవ రాయ్‌పూర్‌కు ఇసుక, కంకర తోలే టిప్పర్లు. అదే దారి అంచున క్యారియర్ మీద టిఫిన్ డబ్బా కట్టుకుని డ్యూటీకి పోయే కార్మికుడు, హ్యాండిల్‌కు చెరోపక్క సంచి తగిలించుకున్న కూరగాయల మనిషి, జంటలు జంటలుగా బడికి వెళ్లే ఆడపిల్లలు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం సరస్వతీ సైకిల్ యోజన కింద తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లు ఇస్తుంది. సైకిల్ ఇచ్చిన ప్రభుత్వం, దాన్ని తొక్కేందుకు దారి మాత్రం లారీలతో కలిపి వాడుకోమంది.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో దేశం మొత్తం మీద సైకిల్ ఉన్న ఇళ్లు 50.4 శాతం. ఛత్తీస్‌గఢ్‌లో 70.8 శాతం. ప్రతి పది ఇళ్లలో ఏడింటి గోడకు సైకిల్ ఆనించి ఉన్న రాష్ట్రం అది. ఇక్కడ సైకిల్ ఆదివారం పొద్దున హెల్మెట్ పెట్టుకుని తొక్కే సరదా కాదు. అది పనికీ బడికీ సంతకీ కాళ్లు.

ఇప్పుడు చావుల లెక్క. కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది చనిపోయారు. వారిలో సైకిల్ మీద ఉన్నవారు 4,836 మంది. అంటే 2.9 శాతం, రోజుకు 13 మంది. శాతంగా చూస్తే చిన్నదే అనిపిస్తుంది. పక్కన మరో అంకె పెట్టి చూడండి. అదే ఏడాది బస్సుల్లో ఉండి చనిపోయినవారు 4,008 మంది. బస్సు లోయలో పడితే మొదటి పేజీలో వస్తుంది, ముఖ్యమంత్రి సంతాపం వస్తుంది. సైకిళ్ల మీద అంతకంటే 828 మంది ఎక్కువ పోయారు. ఒక్కొక్కరుగా, వేర్వేరు జిల్లాల్లో, లోపలి పేజీల్లో రెండేసి వాక్యాలుగా పోయారు.

పైగా ఆ 2.9 శాతం ఎందులో 2.9 శాతమో చెప్పే లెక్క మన దగ్గర లేదు. మోటారు వాహనానికి రిజిస్ట్రేషన్ ఉంటుంది, కాబట్టి ఎన్ని లారీలకు ఎన్ని ప్రమాదాలో భాగించి చెప్పవచ్చు. సైకిల్‌కు నంబరు ప్లేటు లేదు, బీమా లేదు, ఏ రిజిస్టరులోనూ ఉండదు. రోడ్డు మీద ఎన్ని సైకిళ్లు, ఎన్ని కిలోమీటర్లు తిరుగుతున్నాయో ఎవరూ లెక్కించరు. అందుచేత సైకిల్ ప్రయాణం ఎంత ప్రమాదకరమో తేల్చే భాగహారంలో పైనున్న అంకె ఉంది, కింద ఉండాల్సిన అంకె లేదు. దారులు గీసే ఇంజినీరు ముందున్న కాగితం మీదా ఇదే ఖాళీ.

ఛత్తీస్‌గఢ్ వరకు తీసుకుంటే 2022లో 13,279 ప్రమాదాలు, 5,834 మరణాలు. వంద ప్రమాదాలకు దాదాపు 44 ప్రాణాలు. దేశం సగటు 36.5. ప్రమాదం జరిగితే అక్కడ బతికి బయటపడే అవకాశం దేశం సగటు కంటే తక్కువన్నమాట. ఇక జాతీయ రహదారుల సంగతి: దేశంలోని మొత్తం రోడ్ల పొడవులో వాటి వాటా రెండు శాతం పైచిలుకు. 2022 మరణాల్లో వాటి వాటా 36.2 శాతం, 61,038 మంది. మందిర్ హసౌద్ లాంటి ఊళ్ల మెడలో ఉన్నది ఆ రెండు శాతం రోడ్డే.

వేగం చేసే లెక్క

2018లో కేంద్రం సవరించిన గరిష్ఠ వేగాల ప్రకారం, డివైడర్ ఉన్న నాలుగు లైన్ల రోడ్డు మీద సరుకు లారీ 80 కిలోమీటర్ల దాకా పోవచ్చు, కారు 100 దాకా. సైకిల్ 12 నుంచి 15 మధ్య పోతుంది. 80లో 15 తీసేస్తే 65. లారీ నడిపే మనిషికి ఆ సైకిల్ గంటకు 65 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 18 మీటర్ల చొప్పున తన మీదికి వస్తున్న వస్తువులా కనిపిస్తుంది. సైకిల్ మనిషికి వెనక ఉన్నది కనిపించనే కనిపించదు. వినిపిస్తుంది. వినిపించేసరికి పక్కకొచ్చేస్తుంది.

నిండు లోడుతో ఉన్న లారీ బ్రేకు ఎంత దూరంలో పడుతుంది? డ్రైవరు చూసి కాలు బ్రేకు మీద వేయడానికి ఒకటిన్నర సెకను అనుకుందాం. పొడి తారు మీద మంచి కండిషన్‌లో ఉన్న బ్రేకులే అనుకుందాం. 40 కిలోమీటర్ల వేగంలో లారీ పూర్తిగా ఆగడానికి సుమారు 30 మీటర్లు కావాలి. 60లో 56 మీటర్లు. 80లో 88 మీటర్లు. వేగం రెండింతలైతే దూరం దాదాపు మూడింతలైంది. రాత్రి డిప్ లైటు వెలుతురులో, ముదురు రంగు చొక్కా వేసుకున్న మనిషి 40, 50 మీటర్ల దగ్గరికి వచ్చేదాకా స్పష్టంగా తెలియడు. చీకటి పడ్డాక 60లో వచ్చే లారీ డ్రైవరు ఎంత మంచివాడైనా, అప్పటికప్పుడు ఆగాలనుకుంటే ఆ దూరం సరిపోదు. 2022 ప్రమాదాల్లో ఐదో వంతు సాయంత్రం 6 నుంచి రాత్రి 9 మధ్య జరిగాయి. ఫ్యాక్టరీ షిఫ్టు దిగేదీ, కూరగాయల మనిషి ఇంటికి మళ్లేదీ ఆ వేళకే.

బరువు కూడా కలుపుదాం. 40 టన్నుల లారీ 60 కిలోమీటర్ల వేగంలో మోసుకెళ్లే గతిశక్తి, మనిషితో కలిపి 80 కిలోల సైకిల్ 15 కిలోమీటర్ల వేగంలో మోసే శక్తికి 8,000 రెట్లు. ఇద్దరూ రోడ్డును పంచుకుంటున్నారనే మాట కాగితం మీద బాగుంటుంది. ఏనుగూ ఎలుకా ఒకే పళ్లెంలో తినడం లాంటి పంపకం అది. ఏనుగుకు కోపం రానక్కర్లేదు, పక్కకు జరిగితే చాలు.

పక్క నుంచి పోవడమంటే

దూసుకుపోవడం, దగ్గరగా కోసుకుపోవడం, వెనకే వచ్చి ఎయిర్ హారన్ మోగించడం. సైకిల్ మీద తిరిగేవారిని అడిగితే ముందు చెప్పేవి ఇవే. గుద్దినవాళ్ల కంటే గుద్దినంత పని చేసినవాళ్లు ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ లెక్క ఏ పోలీసు స్టేషన్‌లోనూ రాసుకోరు.

దగ్గరగా పోయినప్పుడు ఏం జరుగుతుందో కొంచెం ఆగి చూద్దాం. ట్యాంకర్ ముందు భాగం పక్కకు రాగానే గాలి సైకిల్‌ను బయటకు తోస్తుంది. ట్యాంకర్ పొడవునా పక్కన ఉన్నంతసేపు ఆ తోపు తగ్గి, వెనక చక్రాలు దాటేవేళకు గాలి లోపలికి లాగుతుంది. ఒకటి రెండు సెకన్లలో హ్యాండిల్ అటొకసారి ఇటొకసారి పోతుంది. క్యారియర్ మీద బియ్యం బస్తా ఉంటే సైకిల్ అదుపు ఇంకా కష్టం. ఎడమకు జరుగుదామంటే తారు అంచు తెగి ఉంటుంది. కింద మార్జిన్ మట్టి తారు కంటే నాలుగు వేళ్లు దిగువన. ముందు చక్రం అందులోకి దిగి, మళ్లీ ఎక్కించబోతే అంచుకు రాసుకుని సైకిల్ పడేది కుడివైపుకే, అంటే రోడ్డు మీదికే. ‘లారీ తగల్లేదు, తనే పడ్డాడు’ అనే సాక్ష్యం ఇలాంటి చోట పుడుతుంది.

మరి ఎంత ఎడం కావాలి? చాలా దేశాలు దీనికి అంకె వేశాయి. జర్మనీ 2020లో ఊళ్లలో 1.5 మీటర్లు, ఊరి బయట 2 మీటర్లు అంది. ఫ్రాన్స్‌లో ఊళ్లలో 1 మీటరు, బయట 1.5. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ 2014 నుంచి 60 కిలోమీటర్ల లోపు వేగాలకు 1 మీటరు, ఆపైన 1.5 మీటర్లు పెట్టింది. స్పెయిన్‌లో ఒకే దిశలో రెండు లైన్లుంటే 2022 నుంచి సైకిల్‌ను దాటేవాడు పూర్తిగా పక్క లైనులోకి మారాలి. మందిర్ హసౌద్ లాంటి రోడ్డుకు అన్నిటికంటే నప్పేది ఈ స్పెయిన్ పద్ధతే. డ్రైవరు కంటి అంచనాతో సెంటీమీటర్లు కొలవనక్కర్లేదు, లైను మారాడా లేదా అన్నదే ప్రశ్న.

ఎందుకు నప్పుతుందో మన లైను కొలతే చెబుతుంది. సైకిల్ తారు అంచు నుంచి అర మీటరు లోపలికి పోతోందనుకోండి. హ్యాండిల్ కుడి కొస అంచు నుంచి 0.8 మీటర్ల దగ్గర ఉంటుంది. 1.5 మీటర్ల ఎడం కలిపితే 2.3. దానికి లారీ వెడల్పు 2.6 కలిపితే 4.9 మీటర్లు. లైను 3.5 మాత్రమే కాబట్టి లారీ పక్క లైనులోకి 1.4 మీటర్లు వెళ్లక తప్పదు. ఇంకోలా చెబితే, లైను మారకుండా సైకిల్‌ను దాటిన ప్రతి లారీ దగ్గరగా కోసుకుపోయిన లారీయే. అందులో డ్రైవరు స్వభావంతో పని లేదు.

పక్క లైనులో కారు వస్తుంటే? వెనకే నెమ్మదిగా పోతూ ఆగాలి. ఎంత నష్టం? 60 మీద వెళ్తున్న లారీ పది సెకన్లు 15కు తగ్గితే పోయేది ఏడున్నర సెకన్లు. మళ్లీ వేగం పుంజుకోవడానికి పట్టే కాలం కలిపినా మొత్తం నష్టం అర నిమిషం లోపే. ఈ అర నిమిషం కోసమే హారన్ మీద చెయ్యి పడుతోంది.

మన చట్టంలో ఏముంది? 2017 మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలు పాదచారులు, సైకిల్‌వాళ్లు, పిల్లలు, ముసలివాళ్ల పట్ల ప్రత్యేక జాగ్రత్త చూపాలంటాయి. జాగ్రత్త అన్న మాట ఉంది, మీటర్లలో అంకె లేదు. మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కింద ప్రమాదకరంగా నడపడానికి, 2019 సవరణ తర్వాత, మొదటిసారి 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది జైలు, లేదా రెండూ. నియమానికి విరుద్ధంగా ఓవర్‌టేక్ చేయడమూ అందులోకి వస్తుంది. కానీ ఎంత దగ్గరైతే విరుద్ధమో చెప్పకపోతే కానిస్టేబుల్ ఏం రాసుకుంటాడు? హెల్మెట్ లేకపోవడం కంటికి కనిపిస్తుంది, వేగాన్ని గన్ చూపిస్తుంది. ఎడం కొలిచే గీత లేదు కాబట్టి చలానాలో ఆ గడీ ఖాళీ.

ఇంగ్లండ్‌లో వెస్ట్ మిడ్‌లాండ్స్ పోలీసులు 2016లో ఒక చిన్న పని చేశారు. మఫ్టీలో ఉన్న పోలీసు సైకిల్ తొక్కుతూ పోతాడు. ఎవరైనా మరీ దగ్గరగా దాటితే వైర్‌లెస్‌లో ముందున్నవారికి చెబుతాడు. వాళ్లు బండి ఆపి, నేల మీద పరిచిన బొమ్మల పట్టా మీద సైకిల్‌కు ఎంత చోటు ఇవ్వాలో చూపిస్తారు. మొండికేసినవారి మీద, మళ్లీ దొరికినవారి మీద కేసు. ఖర్చల్లా ఒక సైకిల్, ఒక పట్టా. మన హైవే పెట్రోలింగ్ బండి ఒక రోజు డీజిల్ ఖర్చుతో అయ్యే పని.

లారీ సీటులోంచి

తప్పంతా స్టీరింగ్ వెనకున్నవాడి మీదే వేయడం తేలిక. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961 నుంచి రోజుకు 8 గంటలే పని అంటోంది. రోడ్డు భద్రత మీద పనిచేసే సేవ్‌లైఫ్ ఫౌండేషన్ 2020లో వెలువరించిన అధ్యయనంలో లారీ డ్రైవర్లు సగటున రోజుకు 12 గంటల దాకా నడుపుతున్నట్టు, దాదాపు సగం మంది అలసటతోనో నిద్రమత్తుతోనో నడిపామని ఒప్పుకున్నట్టు తేలింది. రాయ్‌పూర్ మే నెల ఎండలో ఇంజిన్ పక్కన పన్నెండు గంటలు కూర్చుంటే ఎవరి ఓర్పైనా తక్కువే. క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి అన్న నియమం 2025 అక్టోబరు నుంచి తయారైన లారీలకే వర్తిస్తుంది. పాతవి ఇంకా ఎన్నో ఏళ్లు తిరుగుతాయి. మన బండ్లకు స్టీరింగ్ కుడి వైపు ఉండడంతో డ్రైవరుకు కనిపించని గుడ్డి చోటు ఎక్కువగా ఎడమ వైపే. సైకిల్‌కు మనం కేటాయించిన చోటూ అదే.

సైకిల్‌వాళ్ల తప్పులూ ఉన్నాయి. లైటు ఉండదు, వెనక ఎర్ర రిఫ్లెక్టరు ఊడిపోయి ఏళ్లవుతుంది, రాంగ్ రూట్‌లో ఎదురొస్తారు. రాంగ్ రూట్ మాత్రం లెక్క వేస్తే అర్థమవుతుంది. డివైడర్ ఉన్న రోడ్డులో అవతలి పక్క, 200 మీటర్ల వెనకున్న కిరాణా కొట్టుకు పోవాలి. డివైడర్ సందు ఇంటి ఎదురుగానే ఉంటే ఒక నిమిషం పని. ఆ సందు కిలోమీటరు ముందుకు ఉంటే, వెళ్లి తిరిగి రావడం 2.2 కిలోమీటర్లు. సైకిల్ మీద 11 నిమిషాలు, అదంతా లారీల మధ్య. రెండు వందల మీటర్లు ఎదురుగా తొక్కేయడం తప్పే. ఆ తప్పు చేయమని రోడ్డే పురమాయిస్తోంది.

అసలు మందు దారి విడదీయడం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1962లోనే సైకిల్ ట్రాకులకు ప్రమాణం రాసింది. 2015లో దాన్ని సవరించింది. 1962 ప్రమాణం ప్రకారం గంటకు 200 మోటారు వాహనాలు మించి పోయే రోడ్డులో, రద్దీ వేళ గంటకు 100 సైకిళ్లు తిరుగుతుంటే చాలు, వేరే ట్రాకు వేయడం సమంజసమే. రెండు సైకిళ్లు పట్టే ట్రాకుకు కనీస వెడల్పు 2 మీటర్లు. గంటకు 200 వాహనాలంటే 18 సెకన్లకొకటి. 53వ నంబరు రోడ్డు మీద 18 సెకన్ల నిశ్శబ్దం దొరికితే అదే వింత.

ట్రాకులు వేయడం మనకు చేతకాక కాదు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు వెంట 2023 అక్టోబరు 1న 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాకు తెరిచారు. వెడల్పు నాలుగున్నర మీటర్లు, నెత్తిన సౌర ఫలకల కప్పు, 16 మెగావాట్ల కరెంటు. చూడముచ్చటైన పనే. కానీ అక్కడికి సైకిల్‌ను కారు వెనక కట్టుకుని తెచ్చుకునేవారే ఎక్కువ. టిఫిన్ డబ్బా కట్టిన సైకిల్ ఆ కప్పు కింద పెద్దగా కనిపించదు. మందిర్ హసౌద్ పక్కనున్న నవ రాయ్‌పూర్‌లో కూడా విశాలమైన రోడ్ల పక్కన సైకిళ్లకు దారి గీశారు, ఇంకా జనం పూర్తిగా రాని నగరంలో. సైకిళ్లున్న చోట దారి లేదు, దారి ఉన్న చోట సైకిళ్లు లేవు. ఖర్చు పెట్టగలిగీ చోటు తప్పాం అనేదే నా అభియోగం.

ప్రపంచం మొత్తం మీదా ఇదే పిసినారితనం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 నివేదికలో రోడ్డు మరణాల్లో సైకిల్‌వాళ్లు 6 శాతం, సైకిల్ లైన్లున్న రోడ్లు 0.2 శాతం.

ప్రమాదం జరిగిపోయాక చట్టం ఇచ్చేవి కొన్ని ఉన్నాయి, తెలిసి ఉండడం మంచిది. గుద్ది పారిపోయిన కేసులు 2022లో 67,387. చనిపోయినవారు 30,486 మంది. బండి ఎవరిదో తేలకపోయినా మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు పరిహారం వస్తుంది. 2022 ఏప్రిల్ 1 వరకు అది 25 వేలు, 12,500 మాత్రమే. బండి తెలిస్తే, ఎవరి తప్పో తేల్చనక్కర్లేకుండా మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్ కింద మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు. అంతకు మించి కావాలంటే 166 కింద మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు ఆరు నెలల్లోపు వెళ్లాలి. సైకిల్‌కు బీమా లేదు కదా అని వెనక్కి తగ్గొద్దు. చెల్లించాల్సింది లారీ థర్డ్ పార్టీ బీమా. 2025 మే నుంచి ప్రమాదం జరిగిన మొదటి ఏడు రోజులకు లక్షన్నర దాకా నగదు రహిత చికిత్స పథకం కూడా ఉంది. గుద్ది పారిపోతే పదేళ్ల దాకా జైలన్న భారతీయ న్యాయ సంహిత 106(2)ను మాత్రం, 2024 జనవరిలో లారీ డ్రైవర్ల సమ్మె తర్వాత, పక్కన పెట్టారు. ఆ జులైలో మిగతా సంహిత అమల్లోకి వచ్చినప్పుడు అది రాలేదు.

రాయ్‌పూర్‌లోనో భిలాయిలోనో, అక్కడిదాకా ఎందుకు, అనకాపల్లి, సూర్యాపేట లాంటి హైవే ఊళ్లలోనో ఉన్న పాఠకులకు ఒక మనవి. సాయంత్రం షిఫ్టు దిగే వేళ రోడ్డు పక్కన ఒక గంట నిలబడి సైకిళ్లు లెక్కపెట్టండి. వంద దాటితే తేదీ, సమయం, చోటు రాసి, కలెక్టరు కూర్చునే జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి ఒక అర్జీ పెట్టండి. లెక్క లేదు కాబట్టి ట్రాకు లేదనేవాళ్ల చేతిలో ముందు ఆ లెక్క పెట్టాలి. బండి నడిపేవారైతే సైకిల్ కనిపించగానే హారన్ మానేసి, అద్దం చూసుకుని లైను మారండి. చోటు లేకపోతే ఆ అర నిమిషం వెనకే రండి.